అమరావతీ తీరపు చెరకుపల్లెలు

మన విద్యార్థులను “అమరావతి యెక్కడ ఉన్నది?” అని అడిగినచో పెక్కుమంది కృష్ణాతీరమున, గుంటూరు దాపున ఉన్న ఊరిని చెప్పుదురు. ఆ ఉత్తరము తప్పు గాదు. బౌద్ధస్తూపముతో ప్రసిద్ధి కెక్కిన ఆ స్థలమును తెలుగువారెల్లరు ఎరిగియుండవలసినదే. కాని కోయంబత్తూరునుండి ఆగ్నేయముగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున, ఉడుమలపేటకు ఆవల, అదే పేరుతో ఒక నది పారుచున్నది. మనలో ఎన్నో కుటుంబముల పూర్వులు తరతరములుగా ఆ నది పరిసరములను నమ్ముకొని బ్రదికిరి. పాఠ్యపుస్తకములలో దానికి దొరకినది ఒకటి రెండు పంక్తులు మాత్రమే. ఆ లోటును కొంత తీర్చు తలంపుతో, తల్లిదండ్రులు తమ పిల్లలతో గూర్చుండి చదువుకొనుటకు అనుకూలముగా, మేము ఈ పాఠమును వ్రాయుచున్నాము.

అమరావతీ నది ఆనమల కొండలలో పుట్టును. కేరళదేశపు ఆనైముడి పరిసరములనుండి వచ్చు పాంబారు, చిన్నారు మొదలైన యేరులు కలిసి దీనికి నీటిని ఇచ్చుచున్నవి. కొండలు దిగి అమరావతినగరు ఆనకట్టను దాటి, కల్లాపురము, కొళుమము, కుమరలింగము, మడత్తుకుళము, కణియూరు, కడత్తూరు అను ఊళ్ళ పొంత పారి, ధారాపురము మీదుగా సాగి, కరూరు దాపున తిరుముక్కూడలూరు వద్ద కావేరిలో కలియును. ఈ పాఠమున మేము చెప్పబోవునది ముఖ్యముగా మడత్తుకుళపు చుట్టుపట్ల పల్లెలను గూర్చి. ఆ ప్రాంతము 2009వ సంవత్సరమువరకు కోయంబత్తూరు జిల్లాలో ఉండెను. ఆ యేడు తిరుప్పూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది.

ఇక్కడి భూగోళమును తెలిసికొనుటకు ఒక చిన్న లెక్క చాలును. ఈ పట్టున యేడాదికి కురియు వాన సుమారు 25 అంగుళములు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల ఆవలి వైపుననే తన బరువును దింపుకొని వచ్చును గనుక, మనకు దక్కునది ఎక్కువగా ఐప్పశి, కార్తిక మాసముల వాన. చెరకుతోటకు నాటినది మొదలు నరకువరకు కావలసిన నీరు 60 మొదలు 100 అంగుళముల దాక ఉండును. 25ను 60నుండి తీసివేసినచో ఎంత మిగులునో మూడవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. ఆ మిగిలిన నీరు ఎక్కడినుండి వచ్చినది అను ప్రశ్నయే ఈ ప్రాంతపు చరిత్ర. ఆ నీటిని కొంత నది ఇచ్చెను, కొంత బావి ఇచ్చెను. ఎవరి పొలమునకు ఏది అందినదో దానినిబట్టి వారి బ్రదుకు నడచెను.

నదీతీరమున మొదట స్థిరపడినవారు మనవారు గారు. ఈ మాటను మేము మొదటనే చెప్పుట మంచిది. ఏలయనగా మన సభలలో కొందరు వక్తలు ఉత్సాహమున ఈ దేశమంతయు మన తాతలే అడవి నరికి సాగు చేసినట్లు మాటలాడుచుందురు. కడత్తూరు, చోళమాదేవి, కొళుమము మొదలైన తీరగ్రామములలో ప్రాచీన శివాలయములు గలవు. కొంగుచోళుల కాలపు శాసనములు ఆ పట్టున కనబడుచున్నవి. నదికి అడ్డముగా చిన్న కట్టలు కట్టి నీటిని మళ్ళించిన పాత కాలువలు ఎనిమిది: రామకుళము, కల్లాపురము, కుమరలింగము, కన్నాడిపుత్తూరు, చోళమాదేవి, కణియూరు, కడత్తూరు, కారత్తొళువు. వీనిని అక్కడివారు ‘రాజవాయికాలు’లని పిలుతురు. ఈ కాలువల క్రింది మాగాణి వరికిని చెరకునకును పుట్టినిల్లు. మనవారు ఉత్తరమునుండి వచ్చు నాటికే ఆ మాగాణికి యజమానులు ఉండిరి.

మనవారు ఎప్పుడు వచ్చిరి? ఒక్కమారుగా రాలేదు. విజయనగరపు కుమారకంపన 1370 ప్రాంతమున మధుర సుల్తానులను జయించినప్పుడు సైన్యముతో కొందరు వచ్చిరి. 1529లో విశ్వనాథనాయకుడు మధురలో నాయకరాజ్యమును స్థాపించిన పిదప మరికొందరు వచ్చిరి. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము చెడిన తరువాత వలసలు మరింత హెచ్చెను. సైనికులు, పశువుల మందలు గలవారు, సేద్యగాండ్రు, నేతగాండ్రు, వర్తకులు ఇట్లు రకరకముల వారు ఆ వలసలలో ఉండిరి. తమిళులు వారినందరిని ‘వడుగులు’ అనిరి. ఉత్తరపువారని దాని అర్థము.

వలసను గూర్చి రాజకంబళపు పెద్దలు చెప్పుకొను కథ ఒకటి కలదు. శత్రువులు తరుముకొని రాగా మనవారు ఒక నిండుయేటి ఒడ్డున చిక్కుకొనిరట. అప్పుడు ఇరు గట్టులమీది కానుగచెట్లు వంగి ఒకదానినొకటి అందుకొని వంతెనయైనవట. అందుచేతనే కానుగ వారికి పూజ్యమైన చెట్టు. ఇది చరిత్ర గాదు. అయినను ఈ కథను పిల్లలకు తప్పక చెప్పవలెనని మా అభిప్రాయము. శాసనము లేని జనులు తమ భయమును, దారిని, దాటిన యేటిని ఇట్టి కథలలోనే దాచుకొందురు. కంబళము అను పేరు సభ కూడునప్పుడు పరచు కంబళినిబట్టి వచ్చినదని చెప్పుదురు. గొర్రెల ఉన్నితో నేసిన కంబళి పశువుల కాపరుల వస్తువు. వారి దేవరాటము, ఉఱుము వాద్యము, జక్కమ్మ పూజ, సలగెద్దును అడ్డగించు ఆట ఇవి యన్నియు మెట్టనేలలో పశువులతో పెరిగిన జనుల గుర్తులు. ఉడుమలపేట దాపున సోమవారపట్టిలోని ఆల్కొండమాల్ కోవెలకు పొంగలినాడు పశువుల పాలను కొనిపోవు ఆచారము నేటికిని ఉన్నది.

మాగాణి అంతయు నిండియున్నందున మనవారికి దక్కినది నల్లరేగడి మెట్ట. తమిళదేశమున తెలుగుపల్లెలు ఎక్కువగా నల్లరేగడిమీదనే ఎందుకు ఉన్నవని పిల్లలు అడిగినచో చెప్పవలసిన కారణము ఇదియే. తిరునెల్వేలి వైపు కోవిల్‌పట్టి నేలలలోను ఇదే సంగతి. పైగా రేగడి మనవారికి క్రొత్త నేల గాదు. లోతుగా దున్నుటయు, ప్రత్తి, జొన్న, సజ్జ వేయుటయు వారు పుట్టినూళ్ళలోనే నేర్చిరి. మాగాణి రైతునకు కాలువ మీద దృష్టి. మనవానికి మేఘము మీద దృష్టి.

విశ్వనాథనాయకుని కాలమున రాజ్యమును 72 పాళెములుగా విభజించిరని ప్రసిద్ధి. అందులో మంత్రి అరియనాథ మొదలియారు చేయి ప్రధానమైనది. పాళెగాడు తన పట్టున కావలి కాచి, పన్ను వసూలు చేసి, రాజు పిలిచినప్పుడు బలగముతో పోవలెను. మన ప్రాంతమున మెట్రాత్తి, తుంగావి, జోత్తంపట్టి, వేడపట్టి, తళి అనునవి పాళెములు. నేడు ఈ పేర్లు బస్సు పలకలమీద మాత్రమే కనబడుచున్నవి. పళనికి ఆవల విరూపాక్షి పాళెగాడు గోపాలనాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఎదురుగా దిండిగల్లు ప్రాంతపు పాళెగాండ్రను కూడగట్టి, 1801లో ఉరితీయబడెను. ఆ విరూపాక్షి కొండ అరటియే పళని పంచామృతమునకు వాడుక. ఆ అరటికిని, 2019లో ఆ పంచామృతమునకును భౌగోళిక గుర్తింపు లభించినది. పిల్లలు పంచామృతమును నాకుచున్నప్పుడు ఈ పేరును జ్ఞాపకము చేయుట సులభము. కంపెనీవారు పాళెముల ఆయుధములను లాగికొని పాళెగాండ్రను జమీందార్లుగా మార్చిరి. 1948నాటి చట్టముతో జమీందారీలును పోయెను.

ఇట్లు మూడు నాలుగు వందల యేండ్లు మెట్టకు అంటిపెట్టుకొనియున్న మనవారికి చెరకు ఎట్లు వచ్చినది? మొదట బావి ద్వారా వచ్చినది. రెండెడ్ల కవిలెతో బొక్కెన లాగి తడిపిన కొద్ది కుంటలలో ఇంటి బెల్లమునకు సరిపోవు చెరకు వేయుచుండిరి. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చిన పిదప కోయంబత్తూరు జిల్లా బావులకు మోటార్లు ఎక్కనారంభించెను. 1937లో జి.డి.నాయుడుగారు దేశమందలి తొలి విద్యుత్ మోటారును కోయంబత్తూరుననే తయారుచేయించిరి. సూలూరు దాపున కలంగల్ అను మెట్టపల్లెలో 1893లో పుట్టిన రైతుబిడ్డ ఆయన. పాఠశాల చదువు స్వల్పము. బావి లోతు తెలిసినవాని బుద్ధికి మోటారు తట్టుటలో ఆశ్చర్యము లేదు.

తరువాత నది వచ్చెను. 1957లో అమరావతీ ఆనకట్ట పూర్తియైనది. దాని నిండు నీటిమట్టము 90 అడుగులు. నిలువ సుమారు 4 వందకోట్ల ఘనపుటడుగులు. క్రింద తడియు ఆయకట్టు, పాతది క్రొత్తది కలిపి, సుమారు 55 వేల యెకరములు. పాత కాలువలకు నీరు నిలుకడయైనది. అంతకంటె మనకు ముఖ్యమైనది, మెట్టమీదుగా క్రొత్త ప్రధాన కాలువ పోయెను. మేఘమును చూచిన కన్నులు కాలువను చూడనారంభించినవి. క్రొత్త ఆయకట్టునకు నీరు వంతులవారీగ వచ్చును గనుక దానినే నమ్మి చెరకు వేయుట కష్టము. కాలువ పారినప్పుడు బావులు ఊరును, బావి నీరు చెరకును నిలుపును. ఈ సంబంధమును తెలియని అధికారులు కాలువను ఒక లెక్కగాను, బావిని ఒక లెక్కగాను చూతురు. రైతునకు రెండును ఒకటే.

1960లో మడత్తుకుళము దాపున కృష్ణాపురమున అమరావతీ సహకార చక్కెర మిల్లు ఆడుట మొదలిడెను. తమిళనాట సహకార పద్ధతిమీద వెలసిన మొదటి చక్కెర మిల్లు ఇదియే. రైతులు వాటాదార్లు, తమిళుడును తెలుగువాడును కన్నడిగుడును ఒకే కాటావద్ద బండ్ల వరుసలో నిలిచిరి. మధుర వైపున అలంగానల్లూరులో గూడ పిమ్మట సహకార మిల్లు ఏర్పడినది. ఈ మధ్య యేండ్లలో కృష్ణాపురపు యంత్రములు పాతబడి చెరకాట కుంటువడినందున రైతులు మిల్లును నవీకరింపుమని కోరుచు వచ్చిరి. చెరకును వదలి కొబ్బరికి మళ్ళినవారు అనేకులు. చెరకు నరకుటకు కూలీలు దొరకరు, కొబ్బరికి అంత చాకిరి లేదు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరాడదు.

ఇక చెరకును గూర్చి. నేడు హిందూదేశమంతట పండు చెరకునకు తల్లి మన కోయంబత్తూరు అని పిల్లలు గర్వముగా చెప్పవచ్చును. ఈ కథ మొదలగుట గోదావరీతీరమున. పందొమ్మిదవ శతాబ్దపు చివర గోదావరి జిల్లా చెరకుతోటలు ఎర్రకుళ్ళు తెగులుతో నాశనమయ్యెను. దానికి విరుగుడు వెదకుటకు 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రమును పెట్టిరి. అక్కడ పనిచేయించిన వృక్షశాస్త్రజ్ఞుడు బార్బరు దొరయే 1912లో కోయంబత్తూరున ఏర్పడిన చెరకు వంగడముల పరిశోధనాలయమునకు పెద్ద. కోయంబత్తూరు ఎందుకు? ఇక్కడ చెరకు పూయును. పూచిననే గదా రెంటిని కలిపి విత్తనము తీయవీలగును. వెల్లై అను తీపిచెరకును గట్లమీద మొలచు రెల్లుతో బార్బరుగారును తి.సు.వెంకటరామన్‌గారును సంకరము చేసిరి. దానివలన పుట్టిన ‘కో 205’ 1918లో ఉత్తరాది రైతులకు అందెను. తీపిచెరకు రుచి ఇచ్చెను, రెల్లు మొండితనము ఇచ్చెను. ‘కో’ అనగా కోయంబత్తూరు. పిమ్మట ‘కో 419’ దక్షిణదేశమంతట వ్యాపించెను. 2000లో విడుదలయైన ‘కో 86032’ ఇటీవల దక్షిణాది రైతులకు అత్యంత ప్రియమైనది.

చెరకు చాకిరిని కన్నులార చూడనిదే ఈ పాఠము అర్థము గాదు. ఎకరమునకు మూడేసి కన్నులుగల ముచ్చెలు 16,000 కావలెను. నాటిన పిమ్మట కలుపు, మన్ను ఎగదోయుట, పడిపోకుండ జడచుట్లు వేయుట, పది పండ్రెండు నెలల కాపు. నరికిన మోడునుండి మరల లేచునది కార్శితోట. గానుగ ఆడిన రసమును పెనములో కాచి, మడ్డి తీసి, పాకము కుదిరిన క్షణమున దింపి, అచ్చులలో పోసిన అచ్చుబెల్లము. ఆరబోసి నలిపినచో నాటుచక్కెర. పాకము పట్టుట పుస్తకమున నేర్పు విద్య గాదు. ఒక్క నిమిషము మించినచో దినమంతటి కష్టము మాడిపోవును. ఇదే నదికి ఎగువ, పాంబారు లోయలో, మరయూరు బెల్లమునకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

ఇప్పుడు ఈ పైమాటలను మరల చదువుడు. ముచ్చె, కణుపు, జడచుట్టు, కార్శి, పిప్పి, పెనము. మీ యింట ఎన్ని వినబడుచున్నవి? మేము విన్నంతవరకు, తెలుగు మాటలాడు చెరకు రైతులును పొలమునకు పోగానే ముచ్చెను ‘కరణై’ అనియు, కార్శిని ‘మరుతాంబు’ అనియు, పిప్పిని ‘చక్కై’ అనియు, ఎండుటాకును ‘సోగై’ అనియు అందురు. ఇది సహజమే, కూలివాడు, మిల్లు కాటాదారు, మందుల అంగడివాడు అందరును తమిళులు. ఆ తమిళపు మాటలును అందమైనవే, మన పిల్లలకు అవియు రావలెను. మన కణుపు వారికి కణు, మన బెల్లము వారికి వెల్లము, మన కొప్పెర వారికి కొప్పరై. కన్నడిగులు గానుగశాలను ఆలెమనె యందురు, తమిళులు ఆలై యందురు. తోబుట్టువులైన ఈ మాటలను ప్రక్కప్రక్కన పెట్టి నేర్పినచో ఏ భాషయు మరియొకదానిని మ్రింగదు. రెండవది మాత్రమే నేర్పినచో మొదటిది పోవును. ఇంటిలో మిగిలిన తెలుగు అన్నము, కూర, రా, పో అనువానితో ముగియుచున్నది. పొలము, నీరు, నేల, లెక్క అను సంగతులు తెలుగులో చెప్పుకొనుట మానినప్పుడు భాషకు పని లేకపోవుచున్నది.

చెరకు తెలుగువారిని సముద్రములు గూడ దాటించినది. మారిషస్ తోటలకు, 1860లో మద్రాసునుండి బయలుదేరిన ఓడతో మొదలుకొని నాటాలునకు, 1903 తరువాత ఫిజీకి మనవారు ఒప్పందపు కూలీలుగా పోయిరి. అక్కడ చెరకు తెలుగువారిని పిలిచెను. ఇక్కడ ఎప్పుడో వచ్చిన తెలుగువారి దగ్గరకు చెరకు నడచి వచ్చెను. మారిషస్‌లో బడులలో నేటికిని తెలుగు పాఠము ఉన్నది. అంత దూరమున నిలిచిన దానిని ఇంత దగ్గర మనము నిలుపలేమా అని మాకు అప్పుడప్పుడు తోచును.

ఎందుకీ మాట యెత్తితిమనగా, తెలుగు తరగతి నిలుచుట పిల్లల సంఖ్యమీద ఆధారపడియున్నది. తరగతికి 10 మందియో, పాఠశాలకు 40 మందియో అల్పసంఖ్యాక భాషా విద్యార్థులున్నచో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని ఇయ్యవలెనని 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు తీర్మానించిరి. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపుమని చెప్పుచున్నది. 2006నాటి చట్టమువలన తమిళము అందరు పిల్లలకును పాఠ్యభాగమైనది. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలెను. చట్టములు ఏమి చెప్పినను, తొమ్మిదిమంది కూర్చున్న బల్లలవద్దకు పదవ పిల్లను పంపవలసినవారు తల్లిదండ్రులే. ఇంగ్లీషు బడికి బిడ్డను పంపు రైతును మేము నిందింపము. ఉద్యోగము ఎక్కడ దొరకునో ఆయనకు తెలియును. అట్టివారును ఆదివారపు గంటను తెలుగునకు విడువగలరు.

వేసవి సెలవులలో చేయుటకు 6, 7, 8 తరగతులవారికి మేము ఒక పని ఇచ్చుచున్నాము. తాతగారినో అమ్మమ్మగారినో అడిగి తెలిసికొని వ్రాయవలసినవి ఇవి: మీ ఊరి పొలమునకు నీరు ఏ కాలువనుండి, లేదా ఏ బావినుండి వచ్చుచున్నది; ఆ బావిని ఎవరు త్రవ్వించిరి; మొదటి మోటారు ఏ యేట వచ్చినది; చెరకుకు ముందు ఆ చేనిలో ఏ పైరు వేసెడివారు; గానుగ మీ ఊర ఉండెనా, ఎప్పుడు ఆగినది. తాతగారు నోట చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాయవలెను. ఇంటి యాసను పుస్తకపు భాషగా దిద్దవలదు. తరువాత ఒక పెద్ద కాగితముమీద ఊరి పటము గీయవలెను. కాలువకు నీలి, మాగాణికి ఆకుపచ్చ, రేగడికి నలుపు రంగు. చెరకు ఉన్నచోట చెరకు గుర్తు, కొబ్బరిగా మారినచోట కొబ్బరి గుర్తు. ప్రతి చేని పేరును తెలుగులోను తమిళములోను వ్రాయవలెను. చేనికి తెలుగుపేరు ఎవరికిని తెలియనిచో ఆ చోటు ఖాళీగా విడిచిపెట్టుడు; ప్రక్క ఇంటి అవ్వకు తెలిసియుండవచ్చును.